జానెడు వ్యాగన్‌కి అరవై డాలర్లా?

అమెరికాలో మోడల్ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా ధరల దగ్గరికే వచ్చి ఆగుతుంది. హెచ్‌వో స్కేల్ అంటే అసలు రైలులో 87వ వంతు. ఆ లెక్కన 50 అడుగుల బాక్స్‌కార్ (అన్నివైపులా మూసి ఉండే సరుకు వ్యాగన్) మోడల్ 17.5 సెంటీమీటర్లు, జానెడు కూడా ఉండదు. పేరున్న కంపెనీ కొత్త సరుకైతే దాని ధర ఇప్పుడు 50, 60 డాలర్లు. మన డబ్బులో ఐదు వేలకు అటూ ఇటూ. 1990ల మొదట్లో ఏథర్న్ కంపెనీ వ్యాగన్ నీలం అట్టపెట్టెలో ఐదారు డాలర్లకు దొరికేది. ద్రవ్యోల్బణం కలిపి చూసినా అప్పటి ఆరు డాలర్లు ఇప్పటి పద్నాలుగు, పదిహేను కంటే ఎక్కువ కాదు. మరి మిగతా నలభై పైచిలుకు డాలర్లు దేనికి?

కంపెనీల అత్యాశ అని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆ నలభైలో పెద్ద వాటా, ఒకప్పుడు కొనుక్కున్నవాడు ఇంట్లో టేబుల్ ముందు కూర్చుని సరదాగా చేసుకున్న పనికి ఇప్పుడు వేరేవాళ్లకు ఇస్తున్న కూలి.

నీలం పెట్టెలో వచ్చింది వ్యాగన్ కాదు, కిట్. రంగు, అక్షరాలు వేసిన ఒకే ముక్క బాడీ, కింద ఫ్లోరు, బరువు కోసం ఒక ఇనుప పలక, చక్రాలు, కప్లర్లు (ఒక వ్యాగన్‌ను ఇంకోదానికి తగిలించే కొక్కేలు), రెండు మూడు స్క్రూలు. ఒక స్క్రూడ్రైవర్ ఉంటే అరగంటలో పని అయిపోయేది. నిచ్చెనలు, పట్టుకునే కమ్మీలు బాడీతో పాటే అచ్చులో పోసినవి, దగ్గరగా చూస్తే గోడకు అతికించిన గీతల్లా ఉండేవి. అప్పట్లో అది చాలనుకున్నారు.

ఇప్పటి వ్యాగన్ చూడండి. నిచ్చెన విడి భాగం. కమ్మీలు సన్నటి వైరు. పైన నడిచే పలక జల్లెడలా చిల్లులున్న లోహపు రేకు. అడుగున బ్రేకు గొట్టాలు, లీవర్లు, గొలుసు. బండి పట్టాల మీద ఉంటే ఎవరికీ కనపడని భాగాలివి! కొన్ని మోడళ్లలో విడి భాగాలు వంద దాటుతాయి. వీటిలో ప్రతి ఒక్కటీ చైనాలో ఒక మనిషి చిమటాతో పట్టుకుని, జిగురు చుక్క పెట్టి, చేత్తో అతికించాల్సిందే. ఈ రంగంలో ఆటోమేషన్ అన్న మాటకు పెద్దగా చోటు లేదు, ఎందుకంటే ఒక్కో మోడల్ కొన్ని వేలకు మించి తయారు కాదు. స్కేల్‌ట్రైన్స్ కంపెనీ తన ఖరీదైన సిరీస్‌కి రివెట్ కౌంటర్ అనే పేరు పెట్టింది. అసలు వ్యాగన్‌కి ఎన్ని రివెట్లున్నాయో లెక్కపెట్టి తప్పు పట్టేవాళ్లను వెక్కిరించడానికి ఈ హాబీలో వాడే మాట అది. వెక్కిరింపు కాస్తా బ్రాండ్ అయిందంటే కొనేవాళ్లు ఏం అడుగుతున్నారో తెలుస్తూనే ఉంది.

చేతిపని తర్వాత పెద్ద ఖర్చు డై, అంటే ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో ప్లాస్టిక్ మగ్గులు పోసేవాళ్లను అడిగినా ఇదే చెబుతారు: ప్లాస్టిక్ గింజల ఖర్చెంత, డై ముందు అది ఒక లెక్కా! మగ్గు డై ఒకటి చేయిస్తే లక్షల మగ్గులు తీయొచ్చు, లక్షల మంది కొంటారు. వ్యాగన్ డై కూడా లక్షల ముక్కలు తీయగలదు, కానీ కొనడానికి అంతమంది లేరు. ఉదాహరణకు ఒక వ్యాగన్‌కి కావలసిన డైలన్నిటికీ కలిపి లక్ష డాలర్లు అయ్యాయనుకుందాం. యాభై వేలు అమ్మితే ఒక్కోదాని మీద పడేది రెండు డాలర్లు. ఐదు వేలే అమ్మితే ఇరవై. ఒకే డైతో పదేళ్లపాటు అదే వ్యాగన్‌ను రకరకాల రైల్వే కంపెనీల రంగుల్లో అచ్చేసి అమ్మడం పాత పద్ధతి. అలాంటి వ్యాగన్ నిజంగా ఆ రైల్వే దగ్గర ఉండేదా లేదా అని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు తలుపు రకం మారితే, చివరి గోడ నమూనా మారితే కొనేవాళ్లు ఒప్పుకోరు. కాబట్టి డైలో ముక్కలు మార్చుకునే ఏర్పాటు కావాలి, దానికి ఇంకా ఖర్చు.

రంగుల సంగతీ అంతే. ప్యాడ్ ప్రింటింగ్‌లో (మెత్తటి ప్యాడ్‌తో ముద్ర వేసే పద్ధతి) ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు, ఒక్కోసారి అచ్చు. ఒకే డిజైన్‌లో ఆరు, పన్నెండు వేర్వేరు నంబర్లు ఇవ్వాలి, ఎందుకంటే రైలు కట్టేవాడికి అన్నీ ఒకే నంబర్ ఉంటే బాగోదు. కొన్నాళ్లు దీనికి లోగోల తలనొప్పి కూడా తోడైంది. యూనియన్ పసిఫిక్ రైల్వే తన పేరు, గుర్తులు వాడుకున్నందుకు మోడల్ కంపెనీలను లైసెన్స్ ఫీజు అడిగి, 2004లో ఏథర్న్, లయనెల్ కంపెనీల మీద దావా వేసింది. వేల టన్నుల సరుకు లాగే కంపెనీ ఆటబండ్ల దగ్గర చిల్లర వసూలు చేయబోవడం చూసి అప్పట్లో అభిమానులు మండిపడ్డారు. 2006లో మరో కంపెనీతో కేసు రాజీ అయ్యాక ఫీజు లేకుండానే అనుమతి ఇచ్చేసింది.

ఇక చైనా. 1990ల నుంచి ఒక్కో కంపెనీ అచ్చు పోత, అతికింపు పనిని దక్షిణ చైనాకు తరలించింది. కూలి చవకగా ఉన్నంత కాలం, వ్యాగన్ ధర పెద్దగా పెరగకుండానే విడి భాగాలు పెరుగుతూ పోయాయి. కొనేవాళ్లకు అదే అలవాటైంది. షెన్‌జెన్‌లో నెలకు కనీస వేతనం 2010లో 1100 యువాన్లు, 2015లో 2030. ఐదేళ్లలో దాదాపు రెట్టింపు. బొమ్మ రైళ్లు అతికించే చేతులకు ఫోన్ ఫ్యాక్టరీల్లోనూ గిరాకీ ఉంది. హాంకాంగ్‌కు చెందిన కేడర్ సంస్థ (బాక్‌మన్ అనే మోడల్ రైళ్ల బ్రాండ్ యజమాని) 2008లో సాండా కాన్ అనే పెద్ద తయారీదారును కొనేసింది. 2011లో ఆ ఫ్యాక్టరీ చిన్న ఆర్డర్లిచ్చే కంపెనీలను వదిలించుకోవడం మొదలుపెట్టింది. డైలు మోసుకుని కొత్త ఫ్యాక్టరీలు వెతుక్కోవాల్సి వచ్చిన కంపెనీలు ఏళ్ల తరబడి సరుకు ఇవ్వలేకపోయాయి.

చైనా లేకపోతే ధర ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలోనే ఒక ఉదాహరణ ఉంది. ఇలినాయిలోని అక్యురైల్ ఇప్పటికీ సొంత గడ్డ మీద కిట్లు చేసి ఇరవై పైచిలుకు డాలర్లకు అమ్ముతోంది. అమెరికా జీతాలతో పోసి, అచ్చేసి, పెట్టెలో పెట్టిన సరుకది. అతికించే పని మాత్రం కొన్నవాడిదే. డైలు పాతవని, సూక్ష్మ వివరాలు తక్కువని అనొచ్చు, అదీ నిజమే. అయినా అరవైకీ ఇరవైకీ మధ్య తేడా ఎక్కడుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే లెక్క నాకు కనపడలేదు.

ఈ మార్పులో కంపెనీలను తప్పుపట్టాల్సిన చోటు ధర కాదు, ముందస్తు ఆర్డర్ల పద్ధతి. మోడల్ ప్రకటిస్తారు, ఫలానా తేదీలోపు ఆర్డర్ ఇమ్మంటారు, వచ్చిన ఆర్డర్లకు కాస్త అటూ ఇటూగా తయారు చేయిస్తారు. సరుకు రావడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గోడౌన్‌లో సరుకు మిగిలిపోతుందన్న టెన్షన్ కంపెనీకి పోయి, ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదన్న టెన్షన్ కొనేవాడికి వచ్చింది. 2025లో ఈ పద్ధతికి గట్టి దెబ్బ తగిలింది. బొమ్మల మీద అమెరికాలో అంతవరకు దిగుమతి సుంకం సున్నా. 2019 వాణిజ్య పోరులో కూడా చివరి నిమిషంలో తప్పించుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకుల మీద అదనపు సుంకం 145 శాతానికి చేరి, మే నెలలో 30కి దిగింది. ఏడాది కిందట పాత ధర చెప్పి ఆర్డర్లు తీసుకున్న వ్యాగన్లు ఆ సమయానికి ఫ్యాక్టరీలోనో ఓడలోనో ఉన్నాయి. చిన్న కంపెనీకి అది తట్టుకునే దెబ్బ కాదు.

అమెరికాలో ఉన్న అన్నకో అక్కకో చెప్పి సూట్‌కేసులో తెప్పించుకునే హైదరాబాద్, విజయవాడ అభిమానులకు ఈ సుంకాల గొడవ పాతదే. మన కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడళ్లు కూడా పిల్లల బొమ్మల పద్దులోకే వస్తాయి. ఆ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70కి పెంచారు. దానిపై జీఎస్టీ కూడా కలిస్తే ఆ పద్దులో దిగుమతైన వ్యాగన్ ధర దాదాపు రెట్టింపు. దేశీయ బొమ్మల తయారీదారులను కాపాడటానికి పెట్టిన సుంకం ఇది, హెచ్‌వో వ్యాగన్‌తో పోటీ పడే సరుకు వాళ్లు చేయడమే లేదు. చేతకాక కాదు. ఎయిర్‌ఫిక్స్ విమానాల కిట్లు కొన్నేళ్లు మన దేశంలోనే తయారై బ్రిటన్ వెళ్లాయి. డై పని నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి బాలానగర్‌లోనే ఉంది. చిక్కంతా కొనేవాళ్ల సంఖ్యతోనే. పైగా మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైమాటే, బజారులో దొరికే హెచ్‌వో పట్టా 16.5. బొగ్గు మోసే మన బాక్స్‌ఎన్ వ్యాగన్‌ను దాని మీద నిలబెడితే చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టు కనిపిస్తాయి.

మరి పది, పదిహేను డాలర్ల కొత్త వ్యాగన్ ఎవరైనా ఎందుకు చేయరు? ఎందుకంటే దానికి పోటీ పాత వ్యాగనే. ప్లాస్టిక్ అరగదు. ఈ హాబీలో పెద్ద వయసువాళ్లు ఎక్కువ. ఒక పెద్దాయన పోతే వందల వ్యాగన్లు ఒక్కసారిగా వేలానికి వస్తాయి. మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏటా జనవరిలో జరిగే రైల్వే హాబీ షో లాంటి చోట్ల ఆ నీలం పెట్టెలే చవకగా దొరుకుతాయి. చక్రాలు, కప్లర్లు మారిస్తే కొత్తవాటితో కలిసి నడుస్తాయి కూడా. అందుకే తయారీదారులు అడుగు మెట్టును పాత సరుకుకు వదిలేసి పై మెట్టు మీదే నిలబడ్డారు. ధర ఎక్కువని గొణిగేవాళ్లలో చాలామంది ఆ పెట్టెల ముందు ఒక నిమిషం ఆగి, పక్క టేబుల్ మీది అరవై డాలర్ల వ్యాగన్ దగ్గరికే వెళ్తారు.