సేవకు పీజీ కావాలి, అదీ వెంటనే

మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సేవ చేసేవాళ్లకు కొదవ లేదు. కొదవంతా వాళ్ల అర్హతలకే. ఊరి బావి పూడిక తీయించినవాడిని, బడికి ప్రహరీ కట్టించినవాడిని పట్టుకుని "ఏం చదివి చేశావయ్యా ఈ పని?" అని ఒక్కరైనా అడిగారా? సూది వేసే ఆర్‌ఎంపీని కూడా అప్పుడప్పుడు సర్టిఫికెట్ చూపించమంటాం. సేవ చేసేవాడిని మాత్రం వదిలేశాం.

ఈ అరాచకం ఇప్పుడు ముగియబోతోంది. ఉద్యోగం చేసుకుంటూనే స్వచ్ఛంద సంస్థల నిర్వహణ, నాయకత్వంలో పీజీ చేయొచ్చు. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

చదువు లేని సేవ ఎంత ప్రమాదమో పోచంపల్లి చరిత్రే చెబుతుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వచ్చినప్పుడు దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. బేస్‌లైన్ సర్వే లేదు, ప్రపోజల్ లేదు, లాగ్‌ఫ్రేమ్ లేదు. ప్రాజెక్టు లక్ష్యాలు, పనులు, ఫలితాలు గళ్లలో నింపే ఈ లాగ్‌ఫ్రేమ్ అనే పట్టిక అమెరికావాళ్ల సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం 1969లో తయారైంది. ఇంకో పద్దెనిమిదేళ్లు ఆగితే ఆ భూదానం పద్ధతిగా జరిగేది. (ఆ యూఎస్‌ఎయిడ్ 2025లో మూతపడింది, పట్టిక మాత్రం నిక్షేపంగా ఉంది.) పైగా అడిగినదానికన్నా 20 ఎకరాలు ఎక్కువ ఇవ్వడాన్ని బడ్జెట్ వేరియెన్స్ అంటారు. దానికి సంజాయిషీ రాయాలి. ఎవరు రాశారు?

నవ్వుకున్నాక ఒక మాట ఒప్పుకోవాలి. భూదానంలో వచ్చిన భూములు ఎవరి చేతుల్లోకి పోయాయన్న పంచాయితీ ఇప్పటికీ చాలా చోట్ల తెగలేదు. ఇచ్చినవాళ్లున్నారు, పుచ్చుకున్నవాళ్లున్నారు, కాగితం సరిగ్గా రాసిపెట్టేవాడే కరువయ్యాడు. కాబట్టి ఈ కోర్సులో నిజంగా పనికొచ్చే పేపర్ ఒకటుంది: లెక్కలు, చట్టాలు.

ఆ పేపరంటే ఎవరికీ గిట్టదు. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో ముగ్గురు ప్రెసిడెంట్ బావమరుదులైతే ఏం చేయాలో పుస్తకంలో ఉండదు. తర్వాత ఆదాయపు పన్ను మినహాయింపులకు 12ఎ (సంస్థకు), 80జి (దాతలకు), కొన్నేళ్లకోసారి వాటి రెన్యువల్. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు కావాలంటే సీఎస్‌ఆర్-1 ఫారం. విదేశీ విరాళమైతే, సంస్థ మక్తల్‌లో ఉన్నా కోస్గిలో ఉన్నా, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద ఖాతా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. 2020 సవరణతో ఆ డబ్బులో ఆఫీసు ఖర్చుల వాటా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఊళ్లలో చిన్న సంస్థలు చితికిపోయేది ఇక్కడే, గడువు దాటిన ఫారాల దగ్గర. మంచి మనసు తక్కువై మూతపడ్డ సంస్థను నేను చూడలేదు.

కానీ విద్యార్థులు పరుగెత్తేది నాయకత్వం క్లాసుకు. అక్కడ ఇరవై ప్రశ్నలకు టిక్కులు పెడితే మీరు ఏ రకం నాయకులో చెప్పేస్తారు. నాయకుడు కాదని మాత్రం ఎవరికీ రాదు. అందరూ నాయకులే అయినప్పుడు వోచర్లు ఎవరు అతికించాలి అన్న ప్రశ్న సిలబస్‌లో లేదు.

ఇక చదివే తీరు. పగలంతా దేవరకొండ తండాల్లో తిరిగిన ఫీల్డ్ కోఆర్డినేటర్ రాత్రి తొమ్మిదింటికి సిగ్నల్ కోసం మేడెక్కి ఫోన్‌లో క్లాసు వింటాడు. ఆదివారం అసైన్‌మెంట్. ఇంట్లోవాళ్ల ముఖం చూసి వారమైంది. ఆ రాత్రి పాఠం: కుటుంబానికీ ఉద్యోగానికీ సమతూకం ఎలా పాటించాలి. హాజరు తప్పనిసరి.

రెండేళ్లు ఇలా చదివి, ప్రజలకు మరింత దగ్గరగా పనిచేయడం ఎలాగో నేర్చుకున్నాక అతనికి ప్రమోషన్ వస్తుంది. ఆఫీసు తార్నాకలోనో మాదాపూర్‌లోనో. తండాకు వంద కిలోమీటర్ల పైన.

కోర్సులో 'సస్టెయినబిలిటీ' అని, అంటే ప్రాజెక్టు పోయాక కూడా పని నిలబడడం గురించి, ఒక పాఠం తప్పకుండా ఉంటుంది. దానికి మన జిల్లా ఏనాడో ఉదాహరణ సమకూర్చింది. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ రూపొందించింది. దాని పేరు నల్లగొండ టెక్నిక్. పరాయి దేశాల పుస్తకాల్లో కూడా మన ఊరి పేరు కనిపిస్తుంది. అయితే రోజూ పటిక ఎవరు తేవాలి, అడుగున పేరుకున్న బురద ఎవరు ఎత్తాలి, ప్రాజెక్టు డబ్బు ఆగిపోయాక ఆ పని ఎవరిది? మర్రిగూడ వైపు పెద్దమనిషిని అడిగితే ఒక్క ముక్కలో చెబుతాడు. అదే పాఠంలో నలభై స్లైడ్లు.

ఈ కోర్సులకు నాకు తెలిసి ఒకటే ముప్పు, మహిళా సంఘాలు. పది పదిహేనుమంది ఆడవాళ్లు. ప్రతి సంఘానికీ పంచసూత్రాలు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపల అప్పులిచ్చుకోవడం, వేళకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. రెండేళ్ల సిలబస్ ఒక గోడమీద పట్టేసింది. ప్రాజెక్టు రిపోర్టు కోసం ఒక పీజీ విద్యార్థి సంఘం లీడర్ దగ్గరికి వెళ్లాడనుకోండి.

"అక్కా, మీ సంఘం థియరీ ఆఫ్ చేంజ్, అంటే మార్పు తెచ్చే దారి, ఏంది?"

"నెలకు రెండొందలు కట్టుడు సార్. కట్టనోళ్ల ఇంటికి పోయి కూసునుడు."

"స్టేక్‌హోల్డర్ ఎంగేజ్‌మెంట్," అని రాసుకుంటాడు.

"ఇంట్ల నిజంగనే కష్టముంటే?" అని మళ్లీ అడుగుతాడు.

"అందరం కలిసి కడ్తం. గది రాయకు సార్, బ్యాంకోళ్లు చూస్తరు."

ఆ చివరి మాటే రిపోర్టులో అతి ముఖ్యమైనది. అది రిపోర్టులోకి ఎక్కదు.

ఈ ముప్పును తప్పించడానికి నాదొక సూచన. అక్కను ఈ కోర్సులో చేర్చుకోలేం, డిగ్రీ లేదు. పాఠాలు చెప్పమనీ అడగలేం, పీహెచ్‌డీ లేదు. కనుక గెస్ట్‌గా పిలుద్దాం. అరగంట మాట్లాడాక శాలువా కప్పి ఫొటో దిగుదాం. గౌరవ వేతనం ఇద్దామంటే ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటుతాయేమో. పోనీ బస్సు ఛార్జీలైనా ఇద్దామంటే మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. అయినా ఆడిట్ ఆడిటే. ఆ జీరో టికెట్‌ను జాగ్రత్తగా తెమ్మనండి, వోచర్‌కు అతికించాలి.