సవరణ: ఆ బతుకమ్మ పాట కట్టింది ఆ గాయని కాదు

హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడేటప్పుడు మోగిన పాట గురించి మొన్న రాస్తూ, దాన్ని యూట్యూబ్‌లో పాడి పేరు తెచ్చుకున్న అమ్మాయే సొంతంగా రాసిందని చెప్పాను. అది తప్పు. పరకాల వైపు నాట్లేసే ఒక అవ్వ కట్టిన పాట అది. ఆ అమ్మాయి ఆమె అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, ఫోన్‌లో రికార్డు చేసుకుపోయి, చివరికి రచన అన్నచోట తన పేరే వేసుకుంది. నిన్న వెళ్లి అడిగితే, "పైసలొద్దు బిడ్డా, నా పేరన్న ఎయ్యకపాయె" అంది అవ్వ, చేతికంటిన పసుపు కొంగుకు తుడుచుకుంటూ. పైకి రావాలనుకోవడం తప్పు కాదు గానీ, అన్నం పెట్టిన చేతినే తొక్కుకుంటూ పోవాలా? 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నాక కూడా ఇది నాదే అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. అవ్వ అసలు అమ్మనే లేదు. కనుక్కోకుండా రాసినందుకు ఆమెకు క్షమాపణ చెప్పాను, పాత పోస్టులో ఆ మాట మార్చాను.