పెంగ్విన్లూ, జంతికల డబ్బా

2005 ఆగస్టు. అమ్మానాన్నలు తెనాలి నుంచి న్యూజెర్సీ వచ్చి అప్పటికి మూడు నెలలు. నయాగరా అయింది, స్వేచ్ఛా విగ్రహం అయింది, బ్రిడ్జివాటర్ వెంకటేశ్వరస్వామి గుడి నాలుగుసార్లు అయింది. ఇక మిగిలింది సినిమా. "ఇంగ్లీషు సినిమాలకి మమ్మల్ని లాక్కుపోకు నాయనా, మాటకో ముద్దు" అని అమ్మ దిగిన వారంలోనే చెప్పేసింది. ముద్దులుండవన్న ధైర్యంతో నేను ఎంచుకున్నది 'మార్చ్ ఆఫ్ ద పెంగ్విన్స్'.

లుక్ జాకె అనే ఫ్రెంచాయన తీసిన డాక్యుమెంటరీ అది. అంటార్కిటికాలో ఏడాది పైచిలుకు మంచులో పడుండి తీశారు. ఫ్రెంచిలో వచ్చినప్పుడు పెంగ్విన్ల మాటలు నటులు చెప్పారట. అమెరికాకి తెచ్చేటప్పుడు ఆ మాటలు పీకేసి మోర్గాన్ ఫ్రీమన్ చేత వ్యాఖ్యానం చెప్పించారు. మా హాల్లో మాత్రం పెంగ్విన్లకి మళ్ళీ మాటలొచ్చాయి. డబ్బింగు అమ్మ చెప్పింది, తెలుగులో, ఉచితంగా.

బయటి తిండి లోపలికి తేకూడదని గుమ్మం దగ్గర బోర్డుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు గనక ఆ బోర్డు ఆవిడకి వర్తించదు. హ్యాండుబ్యాగులో స్టీలు డబ్బా, డబ్బాలో పొద్దున వండిన జంతికలు. నాన్న సంగతి సరేసరి. హాల్లో ఏసీ చంపేస్తుందని కోడలు చెప్పిన మాట పట్టుకుని, బయట ఎండ మాడుస్తున్నా మంకీ టోపీ, శాలువాతో బయల్దేరాడు. టికెట్టు చించే కుర్రాడు ఒకసారి ఆయన్నీ, ఒకసారి గోడ మీది పోస్టరునీ చూశాడు.

సినిమా మొదలైంది. తెల్లటి మంచు మీద నల్లటి వీపులు, ఒకదాని వెనక ఒకటి, కనుచూపు మేర బారు. గుడ్లు పెట్టే చోటుకి సముద్రం నుంచి 70 మైళ్ళు నడక.

"స్వాములు శబరిమల వెళ్తున్నట్టుందిరా" అంది అమ్మ.

నల్ల బట్టలు, వరస, నడక. ఇరుముడి ఒక్కటే లేదు. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసి, తల తిప్పేసుకుంది.

నిజానికి మాటలతో పెద్ద చిక్కు రాలేదు. చిక్కంతా జంతికలతోనే. మన సినిమా అయితే హీరో ఒక్క గుద్దు గుద్దే లోపల డబ్బా మొత్తం నమిలెయ్యొచ్చు, ఎవరికీ వినపడదు. ఇక్కడ తెర మీద గాలి కూడా మెల్లగా వీస్తోంది. మొదటి జంతిక కొరికేసరికి నాలుగు వరసలు ఉలిక్కిపడ్డాయి. దాంతో అమ్మ ముక్కని నోట్లో పెట్టుకుని, నానేదాకా ఊరుకుని, అప్పుడు చప్పరించే పద్ధతి కనిపెట్టింది. దీనివల్ల ఒక్కో జంతికకి అయిదేసి నిమిషాల నిశ్శబ్దం దొరికింది మాకు.

ఇంతలో గుడ్డు అప్పగింత వచ్చింది. ఎంపరర్ పెంగ్విన్ పెట్టేది ఒకే గుడ్డు. దాన్ని ఆడపక్షి తన పాదాల మీంచి మగపక్షి పాదాల మీదికి దొర్లించాలి. మంచు మీద కాసేపుంటే గడ్డకట్టి చస్తుంది. కొత్త జంట ఒకటి తడబడుతోంది. హాల్లో ఎవరికీ ఊపిరాడ్డం లేదు.

సరిగ్గా అప్పుడే అమ్మ గుసగుసగా, "ఏవండీ, ఈ డబ్బా పట్టుకోండి, కాలు తిమ్మిరెక్కింది" అని నాన్న వైపు జరిపింది. నాన్న రెండు చేతులూ శాలువా లోపలున్నాయి. ఆయన చేతులు బయటికి తీస్తున్నాడు. ఆవిడ వదిలేసింది.

తెర మీద గుడ్డు జారింది. ఇక్కడ డబ్బా జారింది.

డబ్బా బుద్ధిగా సీటు కిందే కూర్చుంది. మూత కూర్చోలేదు. అంచు మీద లేచి నిలబడి, నడవాలోకి తిరిగి, మెట్టు మెట్టుకీ ఠంగుమంటూ దిగడం మొదలెట్టింది. హాలుకి అన్ని మెట్లున్నాయని నాకు ఆవేళే తెలిసింది. చివరికి తెర ముందు చదును నేల చేరి, గిరగిరా తిరిగి, తిరిగి, ఇక పడుకుంటుందిలే అనుకునేసరికి ఇంకో రెండు చుట్లు తిరిగి పడుకుంది.

"అయ్యో, పోయిందిరా గుడ్డు!" అంది అమ్మ, తెర వంక చూస్తూ.

"మూతే పోయింది" అన్నాడు నాన్న.

నేను సీట్లో ఎంత దిగిపోవచ్చో అంతా దిగిపోయాను. మూత మాత్రం తిరిగొచ్చింది. కింది వరసల వాళ్ళు ఒకరి చేతి నుంచి ఒకరు, ఎక్కడా చప్పుడు కాకుండా పైకి అందించారు. ఆఖరున ముందు సీటావిడ, కళ్ళు తుడుచుకుంటూనే, రెండు చేతులతో ప్రసాదంలా అమ్మకిచ్చింది. అమ్మ ఊరుకుంటుందా? ఆవిడ చేతిలో ఓ జంతిక పెట్టింది. రెండు క్షణాల తర్వాత కరకర వినపడింది. ఈసారి మాది కాదు.

ఆపైన ఆడపక్షులు తిండికని సముద్రానికి వెళ్ళిపోయాయి. మగపక్షులు గుడ్లు పాదాల మీద పెట్టుకుని, పొట్టతోలు కప్పి, తిండీతిప్పలూ లేకుండా రెండు నెలలకి పైగా చీకట్లో, మంచుగాలిలో నిలబడ్డాయి. ఒకదాన్నొకటి ఒత్తుకుని, బయట అంచున ఉన్నవి వంతులవారీగా లోపలికి జరుగుతూ.

"సంక్రాంతికి బెజవాడ బస్టాండులా ఉంది. కాకపోతే వీళ్ళకి వంతు తెలుసు" అంది అమ్మ.

ఓ పెద్ద పక్షి వచ్చి పిల్లల మీద పడినప్పుడు మాత్రం ఆవిడ ఆగలేకపోయింది. లేచి నించుని, "హుష్! హుష్!" అని రెండు చేతులా తోలింది, డాబా మీద వడియాల దగ్గర కాకుల్ని తోలినట్టు. రెండు వరసల ముందు ఎవరో చంటివాడు లేచి వాడూ "హుష్!" అన్నాడు. వాళ్ళమ్మ కూర్చోబెట్టింది. మా అమ్మని నేను కూర్చోబెట్టాను. పిల్ల చచ్చిపోయిన తల్లి పక్కదాని పిల్లని లాక్కోబోయే చోట మాత్రం అమ్మ ఏమీ అనలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ వేసవి అమెరికాలో కొందరు సంప్రదాయవాదులు కుటుంబ విలువలంటే పెంగ్విన్లని చూసి నేర్చుకోవాలన్నారు. అమ్మ వాళ్ళ రాతలేవీ చదవకుండానే కారెక్కగానే ఆ పక్షంలో చేరిపోయింది.

"రెండు నెలలండీ! మంచినీళ్ళయినా ముట్టకుండా నిలబడ్డాడు మహానుభావుడు. మీరో? వీడు పుట్టినప్పుడు పది నిమిషాలు ఎత్తుకోమంటే ట్రెజరీలో ఆడిట్ ఉందన్నారు."

నాన్న మాట్లాడలేదు. ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పైన శాలువా కప్పుకుని కూర్చున్నాడు.

"ఆ గొంతులోంచి పాల్లాంటిది తీసి పిల్లకి పట్టడం చూశారా? మీకు పాలపొడి కలపడం కూడా రాదు."

ఇలా అయిదారు మైళ్ళు నడిచాక నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఏవేయ్, ఆ జత ఈ ఒక్క ఏడాదికేనట. పై ఏడు ఆ మహానుభావుడు ఇంకొకర్ని చూసుకుంటాడు. ఆ వ్యాఖ్యానం చెప్పినాయన మొదట్లోనే చెప్పాడు. నీ కొడుకు నీకది తర్జుమా చెయ్యలేదు."

నిజమే, చెయ్యలేదు. అద్దంలో చూశాను. నాన్న మొహంలో, మంకీ టోపీ కనిపించనిచ్చినంత మేర, ముప్పై ఏళ్ళ తర్వాత కేసు గెలిచిన కళ.

అమ్మ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. మా వీధి మలుపు తిరుగుతుండగా ఇటు తిరిగి, నన్నే అడిగింది.

"ఒరేయ్, అయితే ఆ ఆడపక్షి కూడా ఇంకొకణ్ణి చూసుకుంటుందిగా?"

"ఆఁ" అన్నాను.

నాన్న శాలువా సర్దుకుని, డబ్బా గట్టిగా పట్టుకున్నాడు.