మన బిర్యానీ వాళ్లకొచ్చు, వాళ్ల పొసోలే మనకు రాదు

పోయిన సంక్రాంతి సంబరాలకు భోజనాల ఆర్డరు ఇవ్వడానికి షికాగో శివార్లలోని ఒక తెలుగు రెస్టారెంటుకు వెళ్లాను. వంటగది తలుపు తీసే ఉంది. లోపల బిర్యానీ గిన్నెకు పిండి చుట్టి మూత బిగిస్తున్నది మెక్సికో నుంచి వచ్చిన ఇద్దరు వంటవాళ్లు. ఉల్లిపాయ ఏ రంగు దాకా వేగాలో, గోంగూర ఎంత మగ్గాలో వాళ్లకు కొట్టిన పిండి. వాళ్లలో పెద్దాయనది గెర్రెరో రాష్ట్రం. చలికి ఇంట్లో ఏం వండుకుంటారని అడిగితే, చేతులు తుడుచుకుంటూ చాలాసేపు పొసోలే గురించి, అంటే లావు మొక్కజొన్న గింజలు, మాంసం వేసి కాచే పులుసు గురించి చెప్పాడు. వాళ్ల వైపు గురువారం వచ్చిందంటే పొసోలే రోజట. అదీ గుమ్మడి గింజలు నూరి పోసిన ఆకుపచ్చ పొసోలే.

ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్లయింది. అప్పటిదాకా నేను దాన్ని ఒక్కసారి కూడా వండలేదు. మనలో చాలామందికి మెక్సికన్ తిండి అంటే ఆఫీసు మధ్యాహ్నం బురీటో గిన్నె, పిల్లలకు చీజ్ కరిగించిన కేసడియా, చిప్స్, సాల్సా. అందులో చాలావరకు సరిహద్దుకు ఇటువైపు అలవాట్లకు తగ్గట్టు మారిన తిండి. యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చిన మెక్సికో వంట అది కాదు. ఆ అసలు వంట మొక్కజొన్న, చిక్కుళ్లు, మిరపకాయల చుట్టూ వేల ఏళ్లుగా పెరిగింది. దాని అసలు రుచి చలికాలంలో, పెద్ద గిన్నె గంటల తరబడి పొయ్యి మీద ఉన్నప్పుడు తెలుస్తుంది. వాళ్లు మన వంట నేర్చుకుని మనకే వడ్డిస్తున్నారు. మనం వాళ్ల వంట ఒక్కటైనా సరిగ్గా నేర్చుకోవాలని నా అభిప్రాయం.

సరిగ్గా అని ఎందుకంటున్నానంటే, మన చేతికి ఒక అలవాటుంది. ఏ దేశపు కూరైనా కాస్త గరం మసాలా, రెండు చెంచాల గుంటూరు కారం పడితే గానీ తృప్తి ఉండదు. పొసోలేలో ఆ పని చేయకండి. మిరపకాయ పుట్టిల్లు ఆ దేశమే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి మన దగ్గరికొచ్చాక దాన్ని ఘాటు కోసం పెంచుకున్నాం. అక్కడ ఎండుమిరపకాయంటే చిక్కదనం, రంగు, వాసన. గ్వాహీయో నాలుక మీద కాస్త పుల్లగా, పళ్ల వాసనతో తగులుతుంది. ఆంచో అంటే ఎండిన పొబ్లానో, ఇంచుమించు ఎండుద్రాక్ష తీపి. చిపోట్లే అంటే పొగబెట్టి ఎండబెట్టిన హలపేన్యో. వీటిని గింజలు తీసి, పెనం మీద కొద్దిగా కాల్చి, వేడి నీళ్లలో నానబెట్టి, వెల్లుల్లితో మెత్తగా రుబ్బి, వడకట్టి, నూనెలో వేయిస్తారు. మాడితే మాత్రం చేదెక్కి గిన్నె మొత్తం పాడవుతుంది.

ఇక పొసోలేకు ప్రాణం గింజ. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి చలికాలం నా దగ్గరే ఉంది. గిన్నెలో గింజలు చూసి, "మొక్కజొన్న ఇంత లావుంటుందటే?" అని చేత్తో నొక్కి చూసింది. ఆ గింజను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు ఊడేలా కడుగుతారు. మనం తమలపాకుకు రాసుకునే సున్నం లాంటిదే. దీనివల్ల పొట్టు పోవడమే కాదు, గింజలో బిగిసి ఉన్న నియాసిన్ అనే బి విటమిన్ ఒంటికి పడుతుంది. మొక్కజొన్నను యూరప్‌కు తీసుకెళ్లినవాళ్లు ఈ సున్నం పద్ధతిని తీసుకెళ్లలేదు. ఉత్తర ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే ఆధారంగా బతికిన పేదలు, ఆ విటమిన్ అందక వచ్చే పెల్లాగ్రా జబ్బుతో వేలమంది చనిపోయారు. జొన్నే ముఖ్యాహారమైన మన దక్కన్ పల్లెల్లోనూ ఆ జబ్బు ఉండేది. 1960 ప్రాంతంలో హైదరాబాదులో పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ దాని మీద పరిశోధన చేశారు. ఒక పిడికెడు సున్నం వెనక ఎంత తెలివి ఉందో తలుచుకుంటే ఆ వంట మీద నాకు గౌరవం రెట్టింపవుతుంది.

అమ్మకు అన్నిటికన్నా నచ్చింది అతోలే. సున్నంలో ఉడికిన మొక్కజొన్న పిండిని, అంటే మాసాను, పాలలో కలిపి దాల్చినచెక్క, పిలోన్సీయో వేసి ఉండకట్టకుండా కాచుతారు. పిలోన్సీయో అంటే అచ్చంగా చెరకు బెల్లమే. "ఇది మన జావే కదే" అని గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. అందులో చాక్లెట్ కలిపితే చంపుర్రాదో. నురగ కోసం మోలినీయో అనే కొయ్య సాధనాన్ని రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పుతారు. మా ఇంట్లో మజ్జిగ కవ్వంతోనే ఆ పని జరిగిపోయింది.

క్రిస్మస్ రోజులకు కాచే పోంచే కూడా ఒకసారి చేసి చూడండి. జామపళ్లు, చెరకు ముక్కలు, దాల్చినచెక్క, బెల్లం, చింతపండు, హమైకా పువ్వు వేసి మరిగించే వేడి పానీయం. చింతపండు స్పానిష్ వాళ్ల కాలంలో సముద్రం దాటి అక్కడికి చేరింది. హమైకా మన ఎర్ర గోంగూర మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్లు పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి పుల్లటి రేకులను ఎండబెట్టుకుంటారు.

మాంసం తినని కుటుంబాలకు ఒక మాట. బయట దొరికే తమాలెస్‌లో (మాసా ముద్దను ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి), వేయించిన చిక్కుళ్లలో పంది కొవ్వు వేయడం మామూలే. అందుకే ఇంట్లో వండుకోవడం మేలు. నల్ల చిక్కుళ్లను ఉల్లిపాయ, వెల్లుల్లి, దొరికితే ఎపసోతే ఆకు వేసి మెల్లగా ఉడికించి, ఆ నీళ్లతో సహా గిన్నెలో పోసుకుని, వేడి తోర్తియాతో తింటే చలి సాయంత్రం గడిచిపోతుంది. పొసోలేకు మాంసం బదులు పుట్టగొడుగులు బాగుంటాయి.

మన సంఘానికి నాదొక కోరిక. జనవరి 6న మెక్సికన్ ఇళ్లలో రోస్కా అనే తీపి రొట్టె కోస్తారు. లోపల దాచిన చిన్న బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ పెట్టాలి. ఆ రెండు తేదీల మధ్యే మన సంక్రాంతి. వచ్చే ఏడాది సంబరాల్లో ఏటా మనకు వండిపెడుతున్న వంటవాళ్లను కుటుంబాలతో పిలిచి, అరిసెలు, సకినాల పక్కన వాళ్లు నేర్పగా మనం వండిన పొసోలే పెడదాం. ఆ పూట వాళ్లు కూర్చోవాలి, మనం వడ్డించాలి.

ముందుగా ఇంట్లో చేయి తిప్పుకోవాలనుకునేవాళ్లకు: ఆరుగురికి ఎముకలున్న కోడిమాంసం కిలోన్నర, ఉడికించిన హోమినీ (సున్నంలో పొట్టు తీసిన ఆ మొక్కజొన్న గింజే) పెద్ద డబ్బాలు రెండు, గ్వాహీయోలు ఆరు, ఆంచోలు రెండు చాలు. మెక్సికన్ దుకాణాల్లో అన్నీ ఒకే వరసలో దొరుకుతాయి. ఒరెగానో కూడా అక్కడే కొనండి, పిజ్జా మీద చల్లేది వేరే మొక్క. మాంసం ఉడికాక మిరప ముద్ద, హోమినీ వేసి ఇంకో ముప్పావు గంట సన్న సెగ మీద ఉంచాలి. సన్నగా తరిగిన క్యాబేజీ, ముల్లంగి, ఉల్లిపాయ, నిమ్మచెక్కలు విడిగా పెట్టండి, ఎవరి గిన్నెలో వాళ్లే వేసుకుంటారు. మిగిలితే మంచిదే. చేపల పులుసులాగే మర్నాటికి ఇంకా బాగుంటుంది.