ఎన్ని బాగుచేయగలరో అన్నే పట్టండి

పోయిన ఆదివారం రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఐస్ పెట్టె నిండా సయోరి చేపలు, మూత పడనంతగా. కింద "నూట పది!" అని రాసి ఉంది. వరసగా అందరూ సూపర్, కేక, మమ్మల్నీ తీసుకెళ్ళు అన్నారు. నేను మాత్రం ఏమీ రాయలేకపోయాను. అప్పట్నుంచి ఆ మాట లోపల తొలుస్తూనే ఉంది. ఆ ఫొటో పెట్టిన మిత్రుడంటే నాకు ఇష్టమే. మంచి మనిషి. కానీ ఆ నూట పదిలో ఎన్ని కంచంలోకి వెళ్ళాయి, ఎన్ని చెత్తబండిలోకి వెళ్ళాయి అని అడగాలనిపించింది. అడిగే హక్కు నాకు ఎందుకుందో కింద చెబుతాను.

సయోరి అంటే తెలియనివాళ్ళ కోసం కాస్త. ఇక్కడ జపాన్ తీరంలో నీటి పైపైనే గుంపులుగా తిరిగే సన్నటి వెండిరంగు చేప. బాగా ఎదిగితే 40 సెంటీమీటర్ల దాకా వస్తుంది. కింది దవడ సూదిలా ముందుకు పొడుచుకొస్తుంది, పై దవడ మాత్రం పొట్టిగా చిన్న త్రికోణంలా ఆగిపోతుంది. ఆ సూది కొస ఎర్రగా, కుంకుమలో ముంచి తీసినట్టు ఉంటుంది. ఎరుపు ఎంత నిగనిగలాడుతుంటే చేప అంత తాజా అని కొనేవాళ్ళు ముందు అక్కడే చూస్తారు. మా గోదావరి కాలవల్లో పొడుగు మూతి చేప ఒకటి ఉండేది గానీ దానికి రెండు దవడలూ పొడుగే. అందుకే మొదటిసారి సయోరిని చూసినప్పుడు పాపం దీని పై ముక్కు విరిగిపోయిందేమో అనుకున్నాను. ఇది ఎగిరే చేపలకు దగ్గరి చుట్టం. వెంటపడితే ఇదీ నీటిమీద చివుక్కున గెంతుతుంది.

దీన్ని పట్టడం కష్టం కాదు. పడవ అక్కర్లేదు. సముద్రంలో మామూలు గాలానికి ఇక్కడ లైసెన్సు అడగరు. పొడుగాటి తేలికపాటి కర్ర, విసరడానికి బరువుండే బెండు ఒకటి, కాటు తెలియడానికి అగ్గిపుల్లంత బెండు ఇంకొకటి, గోటి చివరంత ముల్లు ఉంటే చాలు. అమి అని చిట్టి రొయ్యల్లాంటివాటిని గడ్డకట్టించి ఇటుకల్లా అమ్ముతారు. ఆ ఇటుకను బకెట్‌లో సముద్రపు నీళ్ళలో కరిగించి, గరిటెతో నీటిమీద చల్లాలి. కాసేపటికి నీటిమీద సన్నగా గీతలు గీసినట్టు కదులుతుంది. వచ్చాయన్నమాట.

ఎర సంగతి నాకు రేవు మీద పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ చూపించారు. హాన్‌పెన్ అని, చేప గుజ్జులో పెండలం లాంటి దుంప తురిమి కలిపి ఉడికించిన తెల్లటి ముద్ద, దూదిలా ఉంటుంది, ప్రతి సూపర్‌మార్కెట్లోనూ దొరుకుతుంది. ఆవిడ దాన్ని కూల్‌డ్రింక్ స్ట్రాతో పొడిచి, స్ట్రా చివర ఊదారు. మాత్రంత తెల్లటి ముక్క టప్‌మని అరచేతిలో పడింది. అది ముల్లుకు గుచ్చితే చెయ్యి వాసన రాదు, నీళ్ళలో తెల్లగా దూరం నుంచి కనిపిస్తుంది. మా అమ్మాయికి ఆ రోజు చేపలకంటే ఆ స్ట్రా పనే నచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎర తయారుచేసే ఉద్యోగం దానిదే.

ఇక కాటు. మన కాలవ గట్టున బెండు బుడుంగున మునుగుతుంది చూడండి, అలా మునగదు. నీటిమీదే మెల్లగా పక్కకి జారుతుంది, ఎవరో కింద నుంచి దారం పట్టి లాగుతున్నట్టు. ఒక్క క్షణం ఆగి, మణికట్టుతో చిన్నగా ఎత్తితే వెండి రిబ్బన్ మెలికలు తిరుగుతూ పైకొస్తుంది. చేత్తో పట్టుకోగానే పొలుసులు అద్దకంలా అరచేతికి అంటుకుపోతాయి. ఆ పొలుసుల మెరుపు చూస్తుంటే నాకు మళ్ళీ ఎనిమిదేళ్ళు వస్తాయి.

అసలు ఇబ్బంది ఇక్కడే. గుంపు కాళ్ళ కిందకు వచ్చిందంటే రెండు నిమిషాలకొకటి పడుతుంది. లెక్క పెంచుకుంటూ పోవాలనిపిస్తుంది. ముప్పై అయితే యాభై చేద్దామని, యాభై అయితే వంద చేద్దామని.

మూడేళ్ళ కిందట నవంబరులో నేను డెబ్బై రెండు పట్టాను. నేనూ ఫొటో పెట్టాను. నాకూ సూపర్‌లు వచ్చాయి. రైలెక్కి ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఇరవై చేపలు బాగుచేసేసరికి అర్ధరాత్రి దాటింది, వేళ్ళు కొంకర్లు పోయాయి. మిగతావి అలాగే ఫ్రిజ్‌లో తోసి పడుకున్నాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి తీస్తే పొట్టలు పగిలిపోయి ఉన్నాయి. నేను చల్లిన అమి వాటి కడుపుల్లోనే కుళ్ళి, పక్కనున్న మాంసాన్ని కూడా పాడుచేసింది. వేలితో నొక్కితే గుజ్జు. ఆ సూది కొసల మీది కుంకుమ రంగు వెలిసిపోయి బూడిదలా అయింది. చెత్త తీసుకెళ్ళే రోజు ఇంకా రెండు రోజులుంది. వాసన రాకుండా ఆ యాభై చేపల్నీ రెండు కవర్లలో కట్టి, ఫ్రీజర్లో పెట్టాను. ఐస్‌క్రీమ్ కోసం ఫ్రీజర్ తీసిన మా అమ్మాయి "ఇవి ఎప్పుడు వండుతాం?" అని అడిగింది. పారేయడానికి దాచానని చెప్పలేకపోయాను.

మా నానమ్మ కత్తిపీట ముందు కూర్చుని చిన్న చేపలు బాగుచేసేది. పొయ్యిలో బూడిద అద్ది, గరుకు రాయి మీద తోమి, ఉప్పేసి మళ్ళీ కడిగి, నీళ్ళు తేటగా వచ్చేదాకా వదిలేది కాదు. తాతయ్య వల పట్టుకుని బయల్దేరుతుంటే "ఇవాళ నా నడుం బాలేదు, చూసుకుని తీసుకురా" అనేది. తాతయ్య చూసుకునే తెచ్చేవాడు. చిన్నప్పుడు ఆ మాటలో నాకేమీ వినపడలేదు. ఆ ఫ్రీజర్ తలుపు దగ్గర నిలబడ్డప్పుడు వినపడింది.

అప్పట్నుంచి నా లెక్క ఇది. ఒక సయోరిని సరిగ్గా బాగుచేయడానికి నాకు నాలుగు నిమిషాలు. పదిహేనుకు గంట. ఆదివారం రాత్రి గంటకు మించి సింకు ముందు నిలబడలేను. కాబట్టి పదిహేను. పదహారోది పడితే అది నీళ్ళలోకే.

నాలుగు నిమిషాలు ఎందుకంటారా? కత్తి మొనతో పొలుసు తీసి, మొప్పల వెనక తల కోసి, పొట్ట చీల్చగానే లోపల నల్లటి పొర ఒకటి కనిపిస్తుంది. బొగ్గు రాసినట్టు నలుపు. ఒళ్ళంతా గాజులా ఉండే చేప గనక, వెలుతురు లోపలికి పోకుండా ఆ పొర ఉంటుందని చెబుతారు. జపాన్‌లో కుట్రబుద్ధి ఉన్నవాణ్ణి నల్లకడుపువాడు అంటారు, పైకి అందంగా ఉండి లోపల ఇలా ఉంటుంది కాబట్టి సయోరితో పోలుస్తారు. మనం కడుపులో కత్తులు అంటామే, అలాగ. నాకు ఆ పోలిక నచ్చదు. ఆ చేప ఎవరికీ ఏ కుట్రా చేయలేదు. కాకపోతే ఆ పొర ఉంటే చేదు వస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో, నీటిధార కింద, వెన్నెముక దగ్గరున్న నెత్తురు గీత కూడా పోయేలా రుద్దాలి. అప్పుడు లోపల ముత్యపు చిప్పలా మెరుస్తుంది.

ఇంకో సంగతి ముందే చెబితే భయపడరు. మొప్పల కింద ఒక్కోసారి తెల్లటి పురుగు కనిపిస్తుంది, నల్లి ఆకారంలో, కాళ్ళతో. చాలాసార్లు పెద్దదానితోపాటు చిన్నది ఇంకొకటి, ఆలుమగలు. మనుషులకు అది ఏమీ చేయదు. తలతోపాటు పోతుంది.

వంట దగ్గర నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, కోపం తెచ్చుకోకండి. దయచేసి సయోరిని పులుసు పెట్టొద్దు. కొర్రమీనుకి, పండుగప్పకి చింతపండు ఎంత పడినా తట్టుకుంటాయి. ఇది తట్టుకోదు. దీని రుచి లేత కొబ్బరంత మెల్లనిది. పులుసులో వేస్తే పులుసు తిన్నట్టే ఉంటుంది, చేప తిన్నట్టు ఉండదు. టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి-కసాయి ఇళ్ళలో నేను చాలాసార్లు విన్న మాట, "అందులో ముల్లు తప్ప ఏముందండీ" అని. వెన్నెముక తీయకుండా పులుసులో వేస్తే ముల్లే తగులుతుంది మరి.

వెన్నెముకకు రెండు పక్కలా కత్తి పోనిచ్చి మాంసం విడదీయండి. ఉప్పు, పసుపు, అర చెంచా కారం, నాలుగు చుక్కల నిమ్మరసం, పట్టీపట్టనట్టు వరిపిండి. పది నిమిషాలు చాలు, గంటలు నానబెట్టొద్దు. పెనం మీద కొంచెం నూనెలో పక్కకు ఒక్కో నిమిషం. అల్లం వెల్లుల్లి ముద్ద వేయకపోతే వేపుడేంటి అంటారు గానీ, ఒక్కసారి వేయకుండా తిని చూడండి. పప్పుచారు అన్నంలోకి ఇంతకంటే మంచి నంజుడు ఈ దేశంలో నాకు దొరకలేదు. వెన్నెముకలు పారేయకండి. ఉప్పు చల్లి సన్నటి మంట మీద నూనెలో కరకరలాడేదాకా వేయిస్తే వడియాల్లా నమిలేయొచ్చు. చర్మాన్ని ఒలిచి, చెక్క పుల్లకు దారంలా చుట్టి, ఉప్పు రాసి మంట మీద కాలుస్తారు ఇక్కడివాళ్ళు. మా అమ్మాయి ఆ పుల్ల కోసం స్టవ్ పక్కనే నిలబడుతుంది. పెద్ద చేప దొరికిన రోజు మాత్రం మాంసాన్ని రిబ్బన్‌లా ముడివేసి తేట చారులో వేస్తారే, అది చేస్తాను. పచ్చిగా తినడం అలవాటు కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తినకపోయినా నష్టమేమీ లేదు.

సైజు గురించి కూడా చెప్పాలి. శరదృతువులో దొరికే సన్నటివాటిని ఇక్కడ పెన్సిళ్ళు అంటారు. చలికాలం దాటి వసంతం వచ్చేసరికి అవే బలిసి అడ్డగడియలు అవుతాయి, నిజంగానే తలుపు అడ్డగడియ అనే మాటతోనే పిలుస్తారు. వసంతం నుంచి వేసవి మొదటిదాకా గుడ్లు పెడతాయి. గుడ్లకు దారాలుంటాయి, వాటితో తేలే నాచుకు చుట్టుకుంటాయి. ఈ చేప బతికేదే సుమారు రెండేళ్ళు. నేను వెళ్ళే చోట టేపు పెట్టి కొలిచేవాళ్ళు లేరు, ఎన్ని పట్టావని అడిగేవాళ్ళు లేరు. ఆ ఫొటోలోని నూట పదిలో సగం పైన పెన్సిళ్ళే. ఒక్కోదానిలో రెండు ముద్దల మాంసం కూడా ఉండదు, బాగుచేసే శ్రమ మాత్రం అంతే. నాలుగు నెలలు ఆగితే అదే చేప ఒకటి ఒక మనిషికి సరిపోతుంది.

"రెండు పడవల మధ్య వల కట్టి టన్నులకు టన్నులు లాగేస్తుంటే నీ పదిహేను చేపల లెక్కకు విలువేముంది?" అని ఒకాయన నన్ను అడిగారు. వాళ్ళు పట్టిన చేప మార్కెట్‌కు వెళ్ళి ఎవరో ఒకరి కంచంలో పడుతుంది. నేను పట్టిన యాభై నా ఫ్రీజర్ నుంచి చెత్తబండిలో పడ్డాయి. నా లెక్క నేను చూసుకోవాలి కదా.

చివరగా ఒక్కటి, దీని గురించి నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది. యోకోహామాలో హోన్‌మోకు చేపల రేవును 2019 సెప్టెంబరు తుఫాను విరగ్గొట్టేసింది. మూసేశారు, బాగుచేశారు, మళ్ళీ తెరిచారు. కానీ మనుషులు చెత్త వదిలేసి, అడ్డదిడ్డంగా కార్లు పెట్టి మూయించిన గట్లు చాలా ఉన్నాయి, వాటికి కంచె పడితే మళ్ళీ తీసేది కనిపించదు. నేను సయోరి నేర్చుకున్న చిన్న గట్టుకు కూడా నిరుడు ఇనప గేటు వచ్చింది. అమి సిమెంటు మీద ఎండితే వాసన రోజుల తరబడి పోదు. తెగిన దారం పిట్టల కాళ్ళకు చుట్టుకుంటుంది. తాడు కట్టిన బకెట్ ఒకటి తీసుకెళ్ళి, వచ్చేముందు నాలుగు బకెట్ల సముద్రపు నీళ్ళు పోస్తే ఐదు నిమిషాల్లో అంతా శుభ్రం. మన భాష వినబడగానే ఇక్కడివాళ్ళకు మనం గుర్తుండిపోతాం. మంచిగా గుర్తుండాలని నా కోరిక.

ఈ ఆదివారం మధ్యాహ్నం రెండుకల్లా నేనూ మా అమ్మాయీ యోకోహామాలోనే ఉన్న దైకోకు చేపల రేవులో ఉంటాం. ఆ ఫొటో పెట్టిన మిత్రుణ్ణి కూడా పిలిచాను, వస్తానన్నాడు. ఇంకెవరైనా వస్తే రండి. హాన్‌పెన్, స్ట్రాలు మేం తెస్తాం. బకెట్, తాడు, ఒక పాత టూత్‌బ్రష్ మీరు తెచ్చుకోండి. సాయంత్రం మా ఇంట్లో సింకు ముందు ఇద్దరు నిలబడే చోటుంది, కాబట్టి ఆ రోజుకు ముప్పై దాకా పట్టొచ్చు.