వాషింగ్టన్ అనే ఇంటిపేరు ఎవరిది?

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళ నోట ఒక మాట చాలాసార్లు విన్నాను. ఆఫీసులోనో, పిల్లల బడిలోనో వాషింగ్టన్ అనే ఇంటిపేరున్న నల్లజాతి వ్యక్తి పరిచయమవుతాడు. ఆ సంగతి చెబుతూ, ‘ఏముంది, వాళ్ళ తాతల యజమాని పేరు తగిలించుకున్నారు’ అని తేల్చేస్తారు. వింటే ఒళ్ళు మండుతుంది. అందులో మర్యాద లేదు, చరిత్ర అంతకన్నా లేదు.

అసలు ఆ పేరు ఎక్కడిది? ఇంగ్లండ్ ఈశాన్యాన, ఒకప్పటి డర్హమ్ ప్రాంతంలో, వేర్ నది ఒడ్డున వాషింగ్టన్ అనే ఊరు ఉంది. ఆంగ్లో-శాక్సన్ల కాలంలో ఒక ఆసామి, అతని మనుషులు స్థిరపడిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని పండితులు చెబుతారు. 12వ శతాబ్దం చివర్లో విలియం డి హార్ట్‌బర్న్ అనే భూస్వామి తన హార్ట్‌బర్న్ గ్రామాన్ని డర్హమ్ బిషప్‌కు ఇచ్చి, బదులుగా ఈ ఊరు పుచ్చుకున్నాడు. 1183లో బిషప్ తయారు చేయించిన భూముల చిట్టాలో ఈ మార్పిడి నమోదై ఉంది. ఏటా శిస్తు కట్టాలి, బిషప్ పెద్ద వేటకు బయలుదేరితే నాలుగు వేటకుక్కలతో వెంట నడవాలి. ఇదీ ఒప్పందం. ఊరు మారింది, దాంతో ఇంటిపేరూ మారింది. నిన్నటిదాకా హార్ట్‌బర్న్ అయినవాడు వాషింగ్టన్ అయ్యాడు.

ఊరిపేరు ఇంటిపేరు కావడం మనకు కొత్త కాదు. అయితే మనకు సాధారణంగా వదిలి వచ్చిన ఊరు ఇంటిపేరవుతుంది, ఆయనకు చేతికొచ్చిన ఊరు ఇంటిపేరైంది. అంటే ఆ వంశంలో మొదటివాడు కూడా ఆ పేరుతో పుట్టలేదు, ఆస్తితో పాటు సంపాదించుకున్నాడు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని మిగతా కథ చదవండి.

ఆ వంశంలో ఒక శాఖ దక్షిణానికి జరిగింది. లారెన్స్ వాషింగ్టన్ అనే వ్యక్తి ఉన్ని వ్యాపారంలో గడించి, నార్తాంప్టన్‌కు మేయరై, ఎనిమిదో హెన్రీ రాజు మఠాల భూములు లాక్కుని అమ్మిన రోజుల్లో, 1539లో సల్‌గ్రేవ్ అనే చోట భూమి కొన్నాడు. ఆయన వారసుల్లో జాన్ అనే యువకుడు పొగాకు వ్యాపారం కోసం ఓడెక్కి వర్జీనియా చేరి అక్కడే ఉండిపోయాడు. అది 1657 ప్రాంతం. అతని మునిమనవడే జార్జ్ వాషింగ్టన్. 1791లో కొత్త రాజధానికి ఆయన పేరు పెట్టారు. 1853లో పసిఫిక్ తీరాన కొత్త ప్రాంతానికి కొలంబియా అని పేరు పెట్టబోయి, రాజధాని జిల్లా పేరుతో కలిసిపోతుందని దానికీ వాషింగ్టనే ఖాయం చేశారు. మన ఐటీ పిల్లలు వేలల్లో ఉంటున్న సియాటిల్ ఉన్నది ఆ రాష్ట్రంలోనే.

జార్జ్ వాషింగ్టన్‌కు సొంత సంతానం లేదు. మరి ఆ ఇంటిపేరును ఈనాటిదాకా మోసినవాళ్ళు ఎవరు? 2000 సంవత్సరపు అమెరికా జనాభా లెక్కల్లో వాషింగ్టన్ ఇంటిపేరున్నవారు సుమారు 1,63,000 మంది తేలారు. వారిలో 90 శాతం నల్లజాతీయులు.

‘చూశారా, బానిసల పేరే కదా’ అనకండి. 1799లో వర్జీనియాలో జార్జ్ వాషింగ్టన్ నివాసమైన మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లో 317 మంది బానిసలు ఉన్నారు. చట్టం ప్రకారం వారిలో జార్జ్ వాషింగ్టన్ సొంతం 123 మంది, మిగతావారిలో ఎక్కువమంది ఆయన భార్య మొదటి భర్త ఆస్తి నుంచి వచ్చినవారు. తన చేతిలో ఉన్నవారికి వీలునామాలో విముక్తి రాశాడు. ఆ ఒక్క ఎస్టేట్ నుంచి ఇంతమంది పుట్టుకొచ్చారా? వేరే వాషింగ్టన్‌ల దగ్గర ఉన్న కొందరికి ఆ పేరు అలా వచ్చి ఉండవచ్చు. కానీ విముక్తి తరవాత చాలామంది ఇంటిపేరును తామే ఎంచుకున్నారు. అంతకుముందు 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు ప్రత్యేక పట్టికలు ఉండేవి. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాసేవారు, దాదాపు ఎక్కడా మనిషి పేరు ఉండేది కాదు. 1870 లెక్కల్లో మొదటిసారి అందరికీ పేర్లు రాశారు. అలా పేరే లేకుండా లెక్కపెట్టబడిన మనుషులు, దేశంలో అందరికీ తెలిసిన పేరు ఎంచుకుంటే దానిని తగిలించుకోవడం అనడానికి నోరెలా వస్తుంది?

పేరొందిన నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ సంగతి ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. బానిసగా పుట్టిన పిల్లవాడు. విముక్తి తరవాత బడికి వెళితే, హాజరు పిలుస్తుంటే అందరికీ రెండేసి పేర్లున్నాయి, తనకు ఒకటే. వంతు వచ్చేసరికి ‘బుకర్ వాషింగ్టన్’ అని ధైర్యంగా చెప్పాడు. వాషింగ్టన్ అనేది అతని సవతి తండ్రి మొదటి పేరు, ఏ యజమానిదీ కాదు.

ఇక హ్యారీ వాషింగ్టన్. ఆఫ్రికాలో పుట్టి, బానిసగా అమ్ముడై, జార్జ్ వాషింగ్టన్ చేతికి వచ్చినవాడు. 1776లో మౌంట్ వెర్నన్ నుంచి పారిపోయి బ్రిటిష్ సేనలో చేరాడు. యజమాని స్వేచ్ఛ కోసం బ్రిటిష్‌వాళ్ళ మీద యుద్ధం చేస్తుంటే, ఇతను తన స్వేచ్ఛ కోసం వాళ్ళ పక్కన నిలబడ్డాడు. 1783లో యుద్ధం ముగిశాక, పారిపోయిన బానిసలను తిరిగి ఇమ్మని జార్జ్ వాషింగ్టన్ బ్రిటిష్ సేనాధిపతి గై కార్ల్‌టన్‌ను స్వయంగా కలిసి అడిగాడు. మా పక్షాన చేరినవారికి స్వేచ్ఛ ఇస్తామని మాట ఇచ్చాం, వాళ్ళను తిరిగి ఇవ్వం అన్నాడు కార్ల్‌టన్. హ్యారీ న్యూయార్క్‌లో ఓడెక్కాడు. ఆ ఓడల రిజిస్టరులో అతని పేరు పక్కన వయసు 43 అనీ, గతంలో జనరల్ వాషింగ్టన్ సొత్తు అనీ రాసి ఉంది. కెనడాలోని నోవా స్కోషియాలో కొన్నేళ్ళు గడిపి, 1792లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ చేరాడు. అక్కడ ఆ వలసను నడిపే బ్రిటిష్ కంపెనీ భూమి శిస్తు వేస్తే 1800లో తిరుగుబాటులో పాల్గొని బహిష్కరణకు గురయ్యాడు. అమెరికాలో అన్యాయమైన పన్నుకు ఎదురు తిరిగిన ఆ పేరు మళ్ళీ ఆఫ్రికా తీరాన వినిపించిందంటే, అక్కడ దాన్ని మోసినవాడు హ్యారీ.

ఒక భూస్వామి ఊరు మార్చుకుని పేరు మార్చుకుంటే దాన్ని వంశవృక్షం అంటారు, ఆ వంశపు పాత మ్యానర్ హౌస్‌ను, అంటే భూస్వామి భవంతిని, కాపాడుకుంటారు. హ్యారీ, బుకర్ అదే పేరు తీసుకుంటే అరువు పేరు అంటారు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో మనకు బాగా తెలుసు. ఇంటిపేరు వినగానే ఎదుటివాడి కులం, అంతస్తు అంచనా కట్టే అలవాటు మనలో లోతుగా ఉంది. సముద్రం దాటినా అది మనల్ని వదలలేదు.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను మౌంట్ వెర్నన్ చూపించడానికి తీసుకెళ్ళేవారికి ఒక విన్నపం. భవనం ముందు ఫొటోలు అయ్యాక, అదే ఆవరణలో బానిసల శ్మశానం ఉంది, 1983లో కట్టిన స్మారకం ఉంది. అక్కడికీ తీసుకెళ్ళండి. హ్యారీ కథ అక్కడ నిలబడి మీ పిల్లలకు చెప్పండి.