సవరణ: రొయ్యల పోస్టులో రెండు తప్పులు రాశాను

గ్లోబలైజేషన్ వల్ల లాభమా నష్టమా అని మొన్న రాసిన పోస్టులో మన గోదావరి జిల్లాల రొయ్యల గురించి రెండు విషయాలు తప్పు రాశా, సరిచేస్తున్నా.

మొదటిది, వనామీ మన రొయ్య అన్నాను. కాదు. అది మెక్సికో నుంచి పెరూ దాకా ఉండే పసిఫిక్ తీరం రొయ్య, మన దగ్గర పెంచడానికి 2009లో పర్మిషన్ ఇచ్చారు. అంతకుముందు టైగర్ రొయ్య వేసేవాళ్ళు, 90ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకి చెరువులే పోయాయి. ఇప్పటికీ తల్లి రొయ్యలు ఎక్కువగా హవాయి లాంటి చోట్ల నుంచి విమానంలో చెన్నై వచ్చి అక్కడ క్వారంటైన్ అయ్యాకే హేచరీలకి, అంటే రొయ్య పిల్లల్ని తీసే చోట్లకి వెళ్తాయి. అంటే అమ్మకమే కాదు విత్తనం కూడా బయటి మీదే ఆధారం, ఆ మాట నేను అసలు రాయనేలేదు.

రెండోది ఇంకా పెద్ద తప్పు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద టారిఫ్ (దిగుమతి సుంకం) 50 శాతానికి పెంచితే ఆ భారం అక్కడ కొనేవాళ్ళదే అని రాసేశా. కస్టమ్స్ దగ్గర కట్టేది అక్కడి దిగుమతిదారే, కానీ ఆర్డర్లు తగ్గితే ఇక్కడ రొయ్యలు కొనే ప్రాసెసింగ్ ప్లాంటు వాళ్ళు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు దించుతారు, రైతేమో మేతకి, కరెంటుకి, చెరువు నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లకి అప్పటికే డబ్బు పెట్టేసి ఉంటాడు, పట్టుబడికొచ్చిన రొయ్యని ఎన్నాళ్ళని ఆపగలడు? అదే టైంలో అమెరికాకి రొయ్యలమ్మే ఈక్వడార్‌కి పడింది 15 శాతమే. వాళ్ళదీ వనామీయే.

అలాగని ఎగుమతులు వద్దనట్లేదు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఎంతమంది ఆడవాళ్ళకి పని దొరికిందో తెలుసు. నా బాధల్లా అమెరికా అనే ఒక్క దేశాన్ని అంతలా నమ్ముకోవడం మీదే. పాత పోస్టు షేర్ చేసినవాళ్ళు దయచేసి ఇది కూడా పంపండి.